నాలుగో గదిలో మందు, మూడో గదిలో ఖాళీ

మా ఇంటికి తెలుగువాళ్ళెవరైనా భోజనానికొస్తే మా ఆవిడ ఒక జోక్ వేస్తుంది, "ఈయన అలమారాలో మందు దాచుకున్నాడండీ, పౌండ్ల లెక్కన" అని, వచ్చినాయన కళ్ళు మెరుస్తాయి, ఏ బ్రాండ్ అని అడుగుతాడు, నేను టైట్‌గ్రూప్ అంటే అదెక్కడా విన్నట్టు లేదే స్కాచ్చా అంటాడు. అది తుపాకి మందండీ బాబూ. ఇంట్లో కూర్చుని పిస్టల్ తూటాలు నేనే తయారు చేసుకుంటా, రీలోడింగ్ అంటారు, ఆరేళ్ళ నుంచి చేస్తున్నా. ఆ మాట చెప్పగానే సగం మంది కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకుంటారు, మిగతా సగం చూపించమంటారు. ఈ పోస్ట్ ఆ రెండో సగం కోసం. ముఖ్యంగా నేను చేసిన ఒక వెధవ పని గురించి రాయాలని ఎప్పట్నుంచో అనుకుంటున్నా, కానీ దానికి ముందు ఈ మెషిన్ ఏంటో చెప్పకపోతే ఆ పని ఎంత వెధవదో అర్థం కాదు.

ముందు చట్టం సంగతి, ఎందుకంటే మొదట అందరూ అడిగేది అదే. నేనుండేది టెక్సస్‌లో, డాలస్ ఉత్తరాన. అమెరికాలో సొంత వాడకానికి తూటాలు చేసుకోడానికి ఫెడరల్ లైసెన్స్ అక్కర్లేదు, అమ్మితే మాత్రం కావాలి. మన దేశంలో ఈ ముచ్చటే లేదు, 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్స్ లేకుండా తూటా తయారు చెయ్యడం నేరం, కాబట్టి తణుకులో ఉన్న నా చిన్నప్పటి ఫ్రెండ్స్ ఎవరూ ఇది చదివి ఉత్సాహపడిపోవద్దు. ఇంకోటి, ఇక్కడున్న మనవాళ్ళలో చాలామందికి తెలియదు, హెచ్ వన్ బి లాంటి వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోవడం 1998 నుంచి ఫెడరల్ నేరం, వేట లైసెన్స్ ఉంటే లాంటి కొన్ని మినహాయింపులున్నాయి గానీ అవి లాయర్ని అడిగి తెలుసుకోవాలి తప్ప ఆఫీస్ లంచ్ టేబుల్ దగ్గర కాదు. మా టీమ్‌లో ఒక తమ్ముడు "అన్నా ఒకసారి రేంజ్‌కి తీసుకెళ్ళు" అని రెండేళ్ళుగా అడుగుతున్నాడు, గ్రీన్ కార్డ్ రానీరా అని దాటేస్తున్నా. నాకూ అది వచ్చాకే మొదలైంది ఈ పిచ్చి.

మొదలవ్వడానికి కారణం 2020. అప్పటికే నెలకో మ్యాచ్‌కి వెళ్తున్నా, యు ఎస్ పి ఎస్ ఏ అని ఇక్కడి ప్రాక్టికల్ షూటింగ్ సంఘం వాళ్ళవి, స్టేజ్ తర్వాత స్టేజ్ పరిగెత్తుతూ కాగితం టార్గెట్లనీ ఇనప పలకల్నీ కొట్టడం, పాయింట్లని టైముతో భాగిస్తే స్కోరు. ఒక మ్యాచ్‌కి నూట యాభై రెండొందల తూటాలు పోతాయి, ప్రాక్టీస్ వేరే. అలాంటిది కోవిడ్ వచ్చి షాపుల్లో అలమారాలన్నీ ఖాళీ, నా పిస్టల్‌కి పట్టే 9 ఎం ఎం తూటాల డబ్బా ఒక్కటి దొరికితే పెళ్ళిలో అప్పడం దొరికినంత సంబరం. సరే మనమే చేసుకుందాం అని నేను మెషిన్ కొనేసరికి లోపల వేసే సామాను దొరకడం మానేసింది. ప్రైమర్లు, అంటే అడుగున ఉండే చిన్న టోపీ, సూది తగలగానే నిప్పు పుట్టించేది, అంతకుముందు వెయ్యి ముప్పై నలభై డాలర్లకి దొరికేవి కాస్తా వంద దాటేశాయి. తర్వాత దిగాయి గానీ చాలా ఏళ్ళు పాత రేటు రాలేదు. అందుకని దీనివల్ల డబ్బులు మిగులుతాయి అని మీ ఆవిడకి చెప్పి మెషిన్ కొనకండి, నేను చెప్పా, ఇప్పటికీ వింటున్నా. తూటాకి కొన్ని సెంట్లు మిగిలే మాట నిజమే, కాకపోతే మిగిలాయి కదా అని ఇంకా ఎక్కువ కాలుస్తాం, లెక్క మొదటికొస్తుంది.

తూటాలో నాలుగే ఉంటాయి. ఇత్తడి కేసు, ప్రైమర్, మందు, ముందు సీసపు బుల్లెట్. మనం మొత్తాన్నీ బుల్లెట్ అనేస్తాం, ఇక్కడ రేంజ్‌లో అలా అంటే ముసలాళ్ళు సరిదిద్దుతారు, ఎగిరిపోయేది మాత్రమే బుల్లెట్ అట. ఈ నాలుగింట్లో మూడు ఒక్కసారికే, ఇత్తడి కేసు మాత్రం మళ్ళీ మళ్ళీ పనికొస్తుంది, 9 ఎం ఎం అయితే పోగొట్టుకునే దాకా వాడుకోవచ్చనుకోండి, పగిలిపోయేలోపు గడ్డిలో ఎక్కడో పడిపోతుంది. అందుకే మ్యాచ్ అయ్యాక మేమంతా నడుం వంచి వరిచేలో పరిగె ఏరుకున్నట్టు ఏరుకుంటూ ఉంటాం.

నేను పుట్టింది తణుకు దగ్గర, అజ్జరం మాకు కూతవేటు దూరం, ఇత్తడి బిందెలకీ గంగాళాలకీ పేరున్న ఊరు. చిన్నప్పుడు పండగ ముందు రోజు మా అమ్మ చింతపండు గుజ్జు పెట్టి ఇత్తడి సామాన్లన్నీ వాకిట్లో వేసి తోముతుంటే నీళ్ళు పొయ్యడం నా డ్యూటీ. ఇక్కడికొచ్చాక చూస్తే రీలోడింగ్ చేసేవాళ్ళు కూడా అదే పని చేస్తున్నారు, కాకపోతే తిరిగే డ్రమ్ములో నీళ్ళు, గిన్నెలు తోమే సబ్బు, సన్నటి స్టీల్ పిన్నులు, చిటికెడు నిమ్మ ఉప్పు. పులుపు ఇత్తడి మీద పేరుకున్న మకిలిని కరిగిస్తుంది, చింతపండులో ఒక ఆమ్లం నిమ్మ ఉప్పులో ఇంకో ఆమ్లం, అంతే తేడా. నేను ఊరుకుంటానా, ఒకసారి ఓ గుప్పెడు కేసులు చింతపండు రసంలో వేసి రాత్రంతా వదిలేశా. పొద్దున చూస్తే బంగారంలా ఉంటాయనుకుంటే గులాబీ రంగు తిరిగాయి. పులుపు ఎక్కువసేపు ఉంటే ఇత్తడిలోంచి జింకు లాగేస్తుంది, పైన రాగి మిగిలిపోతుంది, కేసు బలం తగ్గుతుంది. అవి పాత సామాను డబ్బాలో వేసేశా. బిందెకైతే ఫర్లేదు, అందులో మందు పెట్టి పేల్చం కదా.

ఇప్పుడు మెషిన్. రీలోడింగ్ ప్రెస్సుల్లో సింగిల్ స్టేజ్ అని ఒకటుంటుంది, ఒక్కసారికి ఒక్క పనే, వంద కేసులు తీసుకుని వందకీ మొదటి పని, మళ్ళీ వందకీ రెండో పని, అలా. గంటకి యాభై అరవై చేస్తే గొప్ప. ప్రోగ్రెసివ్ అంటే కింద ఒక గుండ్రటి పళ్ళెం, చుట్టూ గదులు, ఒక్కో గదిలో ఒక్కో కేసు కూర్చుంటుంది, పైన ఒక్కో గదికి ఒక్కో డై, అంటే కేసుని అచ్చులా నొక్కే పనిముట్టు. హ్యాండిల్ ఒక్కసారి కిందకి లాగితే అన్ని గదుల్లోనూ అన్ని పనులూ ఒకేసారి అవుతాయి. ఊళ్ళో చేతిపంపు కొట్టినట్టే లాగడం, కొట్టిన ప్రతిసారీ బిందెలో నీళ్ళు పడ్డట్టు ఒక తూటా తయారై పక్కనున్న డబ్బాలో టక్ మని పడుతుంది. కానీ ఆ పడేది నాలుగు లాగుళ్ళ కిందట మొదలైంది.

నాది నీలం రంగు డిల్లాన్ 550, అరిజోనా వాళ్ళది. దీనికి నాలుగు గదులు. మొదటి గదిలో ఉబ్బిన కేసుని నొక్కి మళ్ళీ సైజుకి తెస్తుంది, పాత ప్రైమర్ని కిందకి తోసేస్తుంది, హ్యాండిల్ పైకి తెచ్చి ముందుకి నొక్కితే కొత్త ప్రైమర్ ఎక్కుతుంది. ఆ నొక్కుడు చేతికి తెలియాలి, మెత్తగా వెళ్ళి ఒకచోట ఆగుతుంది, పచారీ డబ్బాకి మూత బిగించినప్పుడు తెలుస్తుంది చూడండి అలాగ. రెండో గదిలో మందు పడుతుంది, కేసు మూతి కొంచెం విచ్చుకుంటుంది. మూడో గదిలో మనం చేత్తో బుల్లెట్ పెడతాం, డై దాన్ని లోపలికి దించుతుంది. నాలుగో గదిలో ఆ విచ్చుకున్న మూతిని మళ్ళీ దగ్గరికి నొక్కుతుంది. ఇంతే. కానీ ఒక్క మాట, దీంట్లో పళ్ళెం దానంతటది తిరగదు, ప్రతిసారీ బొటనవేలితో మనమే తిప్పాలి. దీని అన్నగారు 750 అయితే అదే తిరుగుతుంది, ఐదు గదులు, మందు సరిగ్గా పడకపోతే బజర్ మోగే ఏర్పాటు కూడా పెట్టుకోవచ్చు. నేనేమో చేత్తో తిప్పేదైతే నా అదుపులో ఉంటుంది, కొత్తవాడికి అదే మంచిది అని 550 తీసుకున్నా. ఆ ఆలోచన ఇప్పటికీ తప్పనను. కానీ బొటనవేలు అనేది మనిషిది కదా.

మందు ఎంత వెయ్యాలో ఇక్కడ రాయను, ఎవరడిగినా రాయను, మందు కంపెనీవాళ్ళూ బుల్లెట్ కంపెనీవాళ్ళూ అచ్చేసిన పుస్తకాలున్నాయి, వాటిలో అన్నిటికన్నా తక్కువ అంకెతో మొదలుపెట్టి కొంచెం కొంచెం పెంచుకోవాలి. ఎంత చిన్న కొలతో చెప్తా. తూకం గ్రెయిన్లలో, పౌనుకి, అంటే పౌండుకి, 7000 గ్రెయిన్లు. మన లెక్కలో తులం అంటే 180 గ్రెయిన్లు. 9 ఎం ఎం తూటాలో వేసే మందు సుమారుగా రెండు మూడు గురివింద గింజల ఎత్తు, పాతకాలం కంసాలి త్రాసులో పెట్టేవాడే ఆ ఎర్ర గింజలు, అంత. అందులో సగం గింజ తేడా వస్తే తూటా స్వభావమే మారిపోతుంది. అందుకే ప్రతి పది పదిహేను తూటాలకీ ఒకసారి తూకం చూస్తా, చూసేటప్పుడు ఫ్యాన్ కట్టెయ్యాలి, ఏసీ గాలి తగిలినా అంకె ఊగుతుంది. మా ఆవిడ బంగారం కొట్లో త్రాసుకి అద్దాల పెట్టె ఎందుకుంటుందో నాకు ఇది మొదలెట్టాకే వెలిగింది.

ఇంత తక్కువ మందు కావడంలో ఒక చిక్కుంది. కొన్ని మందులు ఎంత చిక్కగా ఉంటాయంటే పడాల్సినది పడ్డా కేసులో సగం కూడా నిండదు, రెండుసార్లు పడినా పైకి పొంగదు, మీద బుల్లెట్ పెట్టేస్తే ఏమీ తెలియదు. ఆ తూటా పేలితే పిస్టల్ చేతిలో పగిలిపోవచ్చు. అందుకే కొత్తవాళ్ళకి గుల్లగా ఉండే మందు తీసుకోమంటారు, రెండుసార్లు పడితే పొంగి పళ్ళెం మీదే పడిపోతుంది, తప్పు తనంతట తనే అరిచి చెప్తుంది. నేను చిక్కటిదే వాడా, పౌనుకి ఎక్కువ తూటాలొస్తాయని. చూశారా, మళ్ళీ డబ్బులు.

ఇంక అసలు సంగతి. ఒక శనివారం సాయంత్రం, మర్నాడు మ్యాచ్ లేదు, తీరిగ్గా వెయ్యి చేద్దామని కూర్చున్నా. నాలుగొందలు దాటాక చెయ్యికి ఒక లయ పట్టేస్తుంది, కేసు పెట్టు, బుల్లెట్ పెట్టు, లాగు, నొక్కు, తిప్పు, మనసు ఎక్కడో ఉంటుంది చేతులు వాటంతటవి పోతుంటాయి. ఇండియాలో అప్పుడు ఆదివారం పొద్దున, అమ్మ ఫోన్ చేసే టైము. ఫోన్ మోగింది. నేను లాగి, నొక్కి, పళ్ళెం తిప్పి, బుల్లెట్ పెట్టబోతూ ఆగి ఫోనెత్తా. పావుగంట మాట్లాడా, పక్కింటాయన కొబ్బరిచెట్టు మా గోడ మీదకి ఒరిగిన గొడవ. పెట్టేసి వచ్చి కూర్చున్నా, తిప్పానా తిప్పలేదా అని ఒక్క క్షణం ఆలోచించి, తిప్పేశా.

ఏమైందంటే, రెండో గదిలో మందు కోసం నిలబడ్డ కేసు మందు పడకుండానే మూడో గదిలోకి వెళ్ళిపోయింది, మూడో గదిలో మందుతో ఉన్నది బుల్లెట్ లేకుండా నాలుగో గదిలోకి వెళ్ళింది. నేను గమనించలేదా అంటే గమనించా! నాలుగో గదిలో మూతి తెరుచుకుని మందు కనిపిస్తున్న కేసు చూశా, అరే ఒకటి ఎక్కువ తిప్పేశానే అనుకున్నా, దాన్ని జాగ్రత్తగా తీసి మందు వెనక్కి పోసేశా, భలే పట్టుకున్నానని నన్ను నేనే మెచ్చుకున్నా. ఆ మెచ్చుకోలులో మూడో గదిలోకి తొంగి చూడలేదు. దాని మీద బుల్లెట్ పెట్టి లాగేశా. డబ్బాలో టక్ మని పడింది, మిగతావాటిలాగే మెరుస్తూ. ఆ పొరపాటు ఇలా జరిగి ఉంటుందని తర్వాత చాలాసార్లు కుర్చీలో కూర్చుని చేతులు గాల్లో ఆడిస్తూ గుర్తు చేసుకుని కనుక్కున్నదే, అప్పుడైతే నాకేం తెలీదు.

రెండు వారాల తర్వాత ఇండోర్ రేంజ్‌లో ప్రాక్టీస్. పక్క లేన్‌లో ఒక పెద్దాయన, డెబ్బై ఉంటాయి, తాపీగా రివాల్వర్ కాల్చుకుంటున్నాడు. నేను టైమర్ పెట్టుకుని వేగంగా కొడుతున్నా, ధన్ ధన్ ధన్, నాలుగోది "టప్". సీసా బిరడా ఊడినట్టు, అంతే చప్పుడు. పిస్టల్ పైభాగం, స్లైడ్ అంటారు, ప్రతి తూటాకీ వెనక్కి వెళ్ళి రావాలి, అది కదల్లేదు. ఇక్కడ మ్యాచ్‌లు ఆడేవాళ్ళకి ఒక అలవాటు ఎముకల్లోకి దిగిపోయి ఉంటుంది, పేలకపోతే మ్యాగజైన్ కింద ఒక్కటి చరిచి స్లైడ్ లాగి మళ్ళీ ట్రిగ్గర్, అరసెకనులో అయిపోవాలి, ఆలోచన ఉండకూడదు. నా చెయ్యి చరిచేసింది, లాగేసింది. అప్పుడే ఆ పెద్దాయన గట్టిగా "స్టాప్! స్టాప్!" అని అరిచాడు, చెవులకి మఫ్స్ ఉన్నా వినిపించేంత. వేలు ఆగింది.

ప్రైమర్ ఒక్కటే పేలితే బుల్లెట్‌ని కేసులోంచి బయటికి తోసి బ్యారెల్‌లోకి ఎక్కించేంత బలం ఉంటుంది, బయటికి పంపేంత ఉండదు. అది గొట్టంలో ఇరుక్కుని కూర్చుంటుంది. దాని వెనకాల మంచి తూటా ఒకటి పేలితే గొట్టం ఉబ్బడమో చీలడమో. నేను పిస్టల్ విప్పి బ్యారెల్ తీసి లైటుకి ఎదురుగా పెట్టి చూస్తే అవతలి వెలుగు కనపడలేదు. ఆయన తన బ్యాగ్‌లోంచి ఇత్తడి కడ్డీ తీసిచ్చాడు, నాలుగు దెబ్బలకి బుల్లెట్ వెనక్కి ఊడి వచ్చింది. "రీలోడ్సా?" అన్నాడు. అవునన్నా. ఇంకేం అనలేదు, తన డబ్బాలోంచి ఫ్యాక్టరీ తూటాలు ఒక పెట్టె నా బెంచీ మీద పెట్టి వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేది.

ఇంటికొచ్చాక అసలు ప్రశ్న, ఆ బ్యాచ్‌లో ఇంకా ఆరొందల పైన ఉన్నాయి, వాటిలో ఇంకోటి ఉందా? మందు లేనిది తేలిగ్గా ఉంటుంది కదా తూకం వేసి పట్టేస్తా అనుకున్నా, సాఫ్ట్‌వేర్ వాడి బుర్ర, ఎక్సెల్ షీట్ కూడా తెరిచా. యాభై తూచేసరికి అర్థమైంది. నేను ఏరుకొచ్చిన కేసులు పది కంపెనీలవి, ఒక్కో కంపెనీ కేసు ఒక్కో బరువు, ఒకదానికీ ఇంకోదానికీ ఐదారు గ్రెయిన్ల తేడా ఉంది, అది మందు బరువు కన్నా ఎక్కువ. బరువైన కేసులో మందు లేకపోయినా తేలికైన కేసులో మందు ఉన్నదానితో సమానంగా తూగుతుంది. చెవి దగ్గర పెట్టి ఊపి చూశా, కొన్ని గలగలమంటాయి కొన్ని అనవు, దాన్ని నమ్మి వేలు పెట్టే ధైర్యం నాకు లేదు.

మొత్తం విప్పేశా. దానికి ఒక ప్లాస్టిక్ సుత్తి ఉంటుంది, లోపల గుల్ల, తూటాని అందులో బిగించి గట్టి చెక్క మీద కొడితే బుల్లెట్టూ మందూ విడిపడి సుత్తి తలలోకి రాలతాయి. ఒక్కోదానికి మూడు దెబ్బలు, మొండిదైతే ఐదు. రోజూ ఆఫీస్ పని అయ్యాక అరవై డెబ్బై, చేతి మణికట్టు వాచిపోయింది. మా ఆవిడ రెండో రోజు వచ్చి "పక్కవాళ్ళు గరాజ్‌లో గారెల పిండి రుబ్బుతున్నారనుకుంటారు, తలుపేసుకో" అంది. నాలుగో రోజు జాలేసి తను ఎదురుగా కూర్చుని బుల్లెట్లు ఒక డబ్బాలో కేసులు ఒక డబ్బాలో వేసింది. తొమ్మిది రోజులు పట్టింది. ఆరొందల పైచిలుకు విప్పితే మందు లేనిది ఇంకొక్కటి కూడా దొరకలేదు. రెండుసార్లు పడ్డదీ లేదు. నాకు మాత్రం దొరికుంటేనే బాగుండేది అనిపించింది, తొమ్మిది రోజుల పనికి ఏదో ఒకటి చూపించుకోడానికి. విప్పిన మందు ఆ బ్యాచ్‌దే, తెలిసిందే, అయినా మళ్ళీ వాడబుద్ధి కాలేదు, లాన్ మీద పల్చగా చల్లేశా.

అప్పట్నుంచి కొన్ని మార్చా. ఫోన్ గరాజ్‌లోకి రాదు. పళ్ళెం నడిమధ్యలో పైనుంచి వెలుగు పడేట్టు చిన్న ఎల్ఈడీ పట్టీ అతికించా, మూడో గదిలో కేసు లోపలికి నా కళ్ళు సూటిగా పడేలా స్టూల్ ఎత్తు పెంచా, బుల్లెట్ పెట్టే ముందు ఆ మందు చూడందే చెయ్యి ముందుకెళ్ళదు. గుల్ల మందుకి మారిపోయా, పౌనుకి తక్కువొస్తే రానీ. అన్నిటికన్నా పెద్ద మార్పు, మధ్యలో ఏం వచ్చినా సరే, తుమ్ము వచ్చినా, ప్రైమర్ ఇరుక్కున్నా, ఎవరైనా పిలిచినా, పళ్ళెం మీదున్న నాలుగూ తీసేస్తా. ఏది ఎక్కడుండాలో గుర్తు చేసుకునే ప్రయత్నమే చెయ్యను, నాలుగూ బయటికి, ఖాళీ పళ్ళెంతో మళ్ళీ మొదలు. నాలుగు కేసులు పోతే పావలా ఖర్చు. ఈ మెషిన్ పరిగెత్తేటప్పుడు తప్పు చెయ్యదండీ, ఆగి మళ్ళీ మొదలయ్యే చోట మనం చేస్తాం, లయలో ఉన్నప్పుడు నేను చేసిన తప్పు ఈ ఆరేళ్ళలో ఒక్కటీ లేదు, ఉన్నవన్నీ ఆగిన చోటివే.

మిగతా జాగ్రత్తలు గబగబా చెప్పేస్తా, చాలామంది అడుగుతారు. మందూ ప్రైమర్లూ గరాజ్‌లో పెట్టను, టెక్సస్ జూలైలో అది కొలిమి, ఇంట్లో అలమారాలో ఉంటాయి, వాటి సొంత డబ్బాల్లోనే. మామూలు ఇళ్ళకి ఇక్కడి అగ్నిమాపక ప్రమాణం ప్రకారం అలా సొంత డబ్బాల్లోనే ఉంచుకునే మందు 20 పౌన్లు, ప్రైమర్లు పదివేలు దాటకూడదు, నా దగ్గర అందులో సగం కూడా ఎప్పుడూ ఉండదు. ప్రైమర్ కింద పడితే వాక్యూమ్ క్లీనర్ పెట్టకూడదు, వంగి చేత్తో ఏరాల్సిందే. కళ్ళద్దాలు లేకుండా ప్రెస్ ముందు కూర్చోను, ప్రెస్ మీది గొట్టంలో వంద ప్రైమర్లు మన ముక్కు ముందే నిలబడి ఉంటాయి. కాలిన ప్రైమర్ల మసిలో సీసం ఉంటుంది, అందుకే పొడిగా తిప్పే డ్రమ్ములు మానేశా దుమ్ము లేస్తుందని, పని అవ్వగానే చల్లనీళ్ళు సబ్బుతో చేతులు, చొక్కా మార్చకుండా పాపని ఎత్తుకోను. నేను చేసినవి ఎవరికీ ఇవ్వను, ఎంత దగ్గరివాళ్ళైనా. టక్ పరీక్ష కూడా చేస్తా, విప్పిన బ్యారెల్‌లోకి తూటా వదిలితే టక్ మని కూర్చుని, తిరగేస్తే జారి పడిపోవాలి, ఇరుక్కుంటే మూతి సరిగ్గా నొక్కకపోవడం లాంటిదేదో తేడా ఉందన్నమాట.

కొలిచిన వేగం గురించి అడిగారు ఒకరు. మా పోటీలో మైనర్ కింద, అంటే తక్కువ బలం తూటాల వర్గంలో, రావాలంటే పవర్ ఫ్యాక్టర్ 125 ఉండాలి, అంటే బుల్లెట్ బరువు గ్రెయిన్లలో, వేగం సెకనుకి అడుగుల్లో, రెండూ గుణించి వెయ్యితో భాగించడం. నాది 147 గ్రెయిన్ల బుల్లెట్, 880 అడుగులు, 129 వస్తుంది. షాపులో కొన్నవి అంతకన్నా గట్టిగా తంతాయి, చేతిలో పిస్టల్ ఎగరకుండా ఉండడానికే ఇంత గొడవ పడతాం. నిజం చెప్పాలంటే దానివల్ల నా ర్యాంక్ ఏమీ మారలేదు, నడుం తగ్గితే మారుతుందేమో.

పోయినేడాది అమ్మ వచ్చింది, ఆరు నెలలు ఉంది. మొదటి వారం గరాజ్‌లోకి వచ్చి అన్నీ చూసి "ఇన్ని చేస్తున్నావు, ఎవరి మీదికిరా" అంది. కాగితాల మీదికమ్మా అన్నా. నమ్మలేదు, ఆదివారం మ్యాచ్‌కి తీసుకెళ్తే కుర్చీలో కూర్చుని నాలుగు గంటలు చూసి, ఇంటికొచ్చాక మా ఆవిడతో "నిజంగానే కాగితాలేనే, ఇంత డబ్బు పోసి" అంది.

మధ్యాహ్నాలు తనకి తోచేది కాదు. కడిగి ఎండబెట్టిన కేసులు ఒక స్టీల్ పళ్ళెంలో పోసి ఇచ్చా, నల్లటివి వేరే తీసెయ్యి అయస్కాంతానికి అంటుకుంటాయి అవి ఇనుము, తెల్లటివి అల్యూమినియం అవీ వద్దు, అడుగున గుండ్రంలో శిలువ గుర్తు ఉన్నవి ఇంకో పక్కన పెట్టు మిలిటరీవి, వాటికి ప్రైమర్ గుంట వేరే పని చెయ్యాలి. కళ్ళజోడు పెట్టుకుని బియ్యంలో రాళ్ళు ఏరినట్టు పళ్ళెం ఎగరేస్తూ ఏరేది, అరగంటలో నాకు రెండు రాత్రుల పని. ఒకరోజు సాయంత్రం వచ్చేసరికి కిటికీ గట్టు మీద ఏడు కేసులు వరసగా నిలబెట్టి ఉన్నాయి. ఇవేంటమ్మా బాగానే ఉన్నాయిగా అన్నా. "ఇవి పొట్టివి" అంది.

కాలిపర్ పెట్టి కొలిచా. 17 మిల్లీమీటర్లు. 9 ఎం ఎం కేసు 19 ఉండాలి, ఇవి 380 ఆటో అని ఇంకో రకం పిస్టల్ తూటావి, మూతి ఇంచుమించు ఒకేలా ఉంటుంది, ఎత్తు రెండు మిల్లీమీటర్లు తక్కువ, నేను ఇన్నేళ్ళుగా ప్రెస్‌లో పెట్టి లాగాక చెయ్యికి తేడా తెలిసి తిట్టుకుంటూ తీసే రకం. ఎలా కనిపెట్టావు అంటే పళ్ళెం ఎగరేస్తుంటే అవి ముందుకి దొర్లుతున్నాయట, తేలికవి కదా అంది. తర్వాత గులాబీ రంగు కేసుల డబ్బా కంటపడితే అడిగింది, ఇవెందుకిలా అయ్యాయి అని. చింతపండు సంగతి చెప్పా.

"రాత్రంతా నానబెడతారటరా ఎవరైనా" అంది, "రాసి, తోమి, కడిగెయ్యాలి గానీ."